దేని సోలెడు?

నాకు డెబ్బై ఐదు దాటాయి. గాడిపొయ్యి పొగలో యాభై ఏళ్ళు గడిపాను. తణుకు, రావులపాలెం, మండపేట చుట్టుపక్కల నా చేతి వంట తినని పెద్ద ఇళ్ళు తక్కువ. ఇప్పుడు తెడ్డు పట్టే ఓపిక లేదు. ఫోన్లు మాత్రం ఆగలేదు. "మేస్త్రిగారూ, రెండొందల మందికి పప్పు ఎంత పొయ్యమంటారు?" అనే ఫోన్లు కొన్ని. మెల్‌బోర్న్‌లో ఉన్న మా మనవరాలి ఫోన్లు మరికొన్ని. ఆ పిల్ల మొన్న సంక్రాంతి ముందు అడిగింది: "తాతయ్యా, సోలెడు అంటే ఎన్ని గ్రాములు?"

"దేని సోలెడే?" అన్నాను.

"అదేంటి, సోల అంటే సోలే కదా!"

ఆ ఒక్క మాట దగ్గరే సగం ప్రపంచం తప్పు వండుతోంది. కాబట్టి నాకు దెబ్బలు తగిలి తెలిసినవి వరసగా చెబుతాను.

1. గ్రాముల్లోకి మార్చే ముందు వస్తువు పేరు చెప్పాలి

మా ఇంట్లో ఒక ఇత్తడి సోల ఉంది. దాని నిండా నీళ్ళు పోసి తూస్తే 310 గ్రాములు. అదే సోలతో బియ్యం 250 గ్రాములు వస్తాయి. పంచదార 260 దాకా తూగుతుంది. బొంబాయి రవ్వ 215, జల్లించిన మైదా 155 అటూ ఇటూ. నెయ్యి 280. తేనె పోస్తే 430 దాటుతుంది. మరమరాలు పోస్తే కాటా కదిలిందా లేదా అని వంగి చూడాలి, పాతిక గ్రాములకు మించవు.

సోల అదే, పోసిన చెయ్యి అదే. పాతిక గ్రాముల నుంచి 430 దాకా పోయింది. గిన్నె ఎంత చోటు పడుతుందో చెబుతుంది, కాటా ఎంత సరుకు ఉందో చెబుతుంది. రెంటికీ మధ్య వంతెన వెయ్యాలంటే వస్తువుకో వంతెన. అన్నిటికీ పనికొచ్చే ఒక్క అంకె ఎవరైనా చెప్పారంటే ఆయన వంట చెయ్యడని అర్థం.

2. కుంచం కుంచానికీ తేడా

నేను పద్నాలుగో ఏట మా మేనమామ వెంట పనికి చేరాను. అప్పటికి 1964. దుకాణాల్లో కిలో రాళ్ళు వచ్చేశాయి. 1958 అక్టోబరులో మెట్రిక్ తూనికలు మొదలుపెట్టి, 1962 నాటికి బరువుల్లో కిలోలే చెల్లేటట్టు చేసింది ప్రభుత్వం. కానీ ఆ చట్టం ఇళ్ళలోని గాదెల దాకా రాలేదు. పెళ్ళివారు బియ్యం కుంచాలతోనే కొలిచి పోసేవారు. శెట్టిగారి కొట్టు నుంచి పప్పు కిలోల్లో వచ్చేది. నూనె డబ్బాల్లో, బెల్లం వీశెల్లో. నాలుగు లెక్కలూ ఒక్క గాడిపొయ్యి మీద కలిసేవి.

పాత కొలత ఎక్కం ఇప్పటి పిల్లలకి రాదు కాబట్టి చెబుతున్నా. నాలుగు గిద్దలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అంటే కుంచానికి పదహారు సోలలు. ఎక్కం ఎక్కడైనా ఇంచుమించు ఇదే. తేడా అంతా అసలు గిన్నెలో ఉంది.

కాలవకి అవతలి ఊళ్ళో ఒక పెళ్ళి. నలభై కుంచాల బియ్యం కావాలన్నాడు మామయ్య. వాళ్ళు వాళ్ళ కుంచంతో కొలిచారు. కొలిచేవాడు ఆనవాయితీ ప్రకారం ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటూ గొంతెత్తి లెక్కపెడుతున్నాడు. లెక్క సరిగ్గా నలభై. మధ్యాహ్నం రెండో బంతి లేచేసరికి బియ్యం రాశి ఉండాల్సినంత లేదు. మామయ్యకి చెమటలు. సాయంత్రం వాళ్ళ కుంచంలో మా సోలతో నీళ్ళు పోసి చూశాం. పదిహేను సోలలకే అంచు తాకింది! కుంచానికి సోలెడు తరుగు. నలభై కుంచాలకి నలభై సోలలు, అంటే రెండున్నర కుంచాలు. మా లెక్కన పది కిలోల బియ్యం, అంటే ఇంచుమించు నూరుమంది భోజనం. వాళ్ళు మోసం చెయ్యలేదు. వాళ్ళ తాతల నాటి కుంచం అంతే.

ఆ రోజు నుంచి మామయ్య ఎక్కడికి వెళ్ళినా గరిటెల సంచిలో మా సోల ఉండేది. అది ఇప్పుడు నా దగ్గరుంది.

3. పేరు ఒకటే అయితే మరీ ప్రమాదం

1971లో మొదటిసారి హైదరాబాదు వెళ్ళాను, ఒక గృహప్రవేశం వంటకి. ఇంటి పెద్దావిడ "బాబూ, పెరుగు పచ్చడికి నాలుగు సేర్ల పెరుగు తోడుపెట్టించు" అంది. నాకు తెలిసిన సేరు మా మద్రాసు లెక్క సేరు. ఎనిమిది పలాలు, అంటే 24 తులాలు. ఇప్పటి లెక్కన 280 గ్రాములు. అలాంటివి ఐదైతే వీశె. నాలుగు సేర్లంటే కిలో పైచిలుకు. 'ఇంతమందికి ఇంత తక్కువా, పొదుపు మనిషి కాబోలు' అనుకుని అంతే తోడుపెట్టించాను.

ఆవిడ సేరు వేరు. 80 తులాల సేరు, 933 గ్రాములు. మాదానికి మూడింతలకు పైన! పాలూ పెరుగూ కొలిచే సేరు గిన్నె కూడా ఆవిడ దగ్గర ఉంది. తెల్లారి గిన్నె మూత తీసి ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

పేరు తెలియకపోతే అడుగుతాం. తెలిసిన పేరైతే అడగం. అక్కడే దెబ్బ తింటాం. తులం సంగతీ అంతే. అసలు తులం 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారు కొట్లో చాలామంది పది గ్రాములనే తులం అంటున్నారు. బంగారం సంగతి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు గానీ, పాత వంట పుస్తకంలో తులం జాజికాయ అని ఉంటే పాత తులమే తూచండి.

4. కిలోకి రెండు లీటర్లు అన్న మాట

"ఒకటికి రెండు" అని అమ్మలు ఎసరు పెట్టించింది గ్లాసు లెక్క. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు. ఈ తరం దాన్ని 'కిలోకి రెండు లీటర్లు' అని తిరగరాసుకుంది. చూడ్డానికి ఒకటిలాగే ఉంటుంది.

కిలో బియ్యం లీటరు గిన్నెలో పట్టవు. లీటరు పావుకి కొంచెం తక్కువగా, 1.2 లీటర్లు పైనే చోటు కావాలి. దానికి రెట్టింపంటే 2.4 లీటర్లు. రెండు లీటర్లే పోస్తే అర్ధలీటరుకి కొంచెం తక్కువ తగ్గినట్టు. మెతుకు పలుకు మీద నిలబడిపోతుంది. ఒక హోటల్ కుర్రాడు నెల్లాళ్ళపాటు బియ్యం రకం మార్చి మార్చి విసిగిపోయి నాకు ఫోన్ చేశాడు. బియ్యం తప్పు కాదు నాయనా, నీ లెక్క తప్పు అన్నాను. కిలోకి రెండు లీటర్ల పావు నుంచి మొదలుపెట్టమన్నాను. పాత బియ్యమైతే ఇంకాస్త తాగుతాయి, కొత్తవైతే తగ్గించుకోవాలి.

ఒక సంగతి. గంజి వార్చే అన్నానికి ఈ గొడవే లేదు. ఎసరు ఎంతయినా పొయ్యి, ఉడకగానే వార్చెయ్యి. మా కాలంలో పెళ్ళి అన్నమంతా సిబ్బిలో వార్చినదే. వార్చడం మానేశాకే ఇంటింటా ఎసరు లెక్క మొదలైంది.

5. ఉప్పు

దీని దగ్గర కాసేపు కూర్చోవాలి. నా జీవితంలో ఎక్కువ నష్టం తెచ్చింది ఇదే.

ఎండాకాలం పెళ్ళిళ్ళు తగ్గే రోజుల్లో ఆవకాయ ఆర్డర్లు పట్టేవాణ్ణి. ఒక ఇంటివారు పాతిక కిలోల ముక్కలకి ఒప్పుకున్నారు. వాళ్ళ అత్తగారి నాటి కొలత కాగితం మీద రాసి ఇచ్చారు: ఐదు సోలల ముక్కలకి సోల కారం, సోల ఆవపిండి, ముప్పాతిక సోల ఉప్పు. ఆ రోజు నాకు జ్వరం. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడిని పంపాను. వాడు తెలివైనవాడే. సోల ఉన్న చోటల్లా కిలో అని రాసుకున్నాడు. పాతిక కిలోల ముక్కలు కాబట్టి ఐదు కిలోల కారం, ఐదు కిలోల ఆవపిండి, మూడు కిలోల ముప్పావు ఉప్పు. ఒకటి, ఒకటి, ముప్పాతిక. పాళ్ళు తప్పలేదని వాడి నమ్మకం. కాగితం చూస్తే నాకూ తప్పు కనబడలేదు, నిజం చెప్పాలి.

ఆషాఢంలో కబురొచ్చింది. జాడీల మీద బూజు. నూనె తేలినచోట కూడా వాసన మారింది. వెళ్ళి చూసి వచ్చి, ఆ రాత్రి సోలా కాటా ముందు పెట్టుకుని కూర్చున్నాను. సోల కారం తూస్తే 150 గ్రాముల చిల్లర. ఆవపిండి ఇంకా తేలిక, 130 దాకా. ఉప్పు ముప్పాతిక సోలే 250 గ్రాములు! చోటులో చిన్నది, బరువులో అందరికంటే పెద్దది. ఆ అత్తగారి కొలతలో కారం కంటే ఉప్పు బరువు ఒకటిన్నర రెట్లకు పైన. మావాడు కలిపిన దాంట్లో కారం కంటే ఉప్పే తక్కువ. ముక్కలు ఐదు సోలలు తూస్తే తొమ్మిది వందల గ్రాముల పైచిలుకు వచ్చాయి. ఆ లెక్కన పాతిక కిలోలకి పడాల్సిన ఉప్పు ఏడు కిలోలకు దగ్గర. పడింది దాంట్లో సగం పైచిలుకు.

ఆవకాయలో ఉప్పు రుచికి మాత్రమే వెయ్యరు. ముక్కలోని నీటిని బయటికి లాగి, బూజుకి చోటు లేకుండా చేసే కాపలాదారు అది. కారం తగ్గితే పచ్చడి చప్పగా ఉంటుంది, అంతే. ఉప్పు తగ్గితే పచ్చడి మిగలదు. పాతిక కిలోల పచ్చడి డబ్బూ నేనే కట్టుకున్నాను. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. కాగితం సరిగ్గా చూడనిది నేను.

అప్పటినుంచి నా పద్ధతి: కిలో ముక్కలకి పావుకిలో ఉప్పు, తూచి. దీన్ని కదపను. కారం, ఆవపిండి మీ ఇంటి నాలుకని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

ఉప్పులో ఇంకో మెలిక. రాళ్ళుప్పు గిన్నెలో పోస్తే గళ్ళ మధ్య గాలి ఉంటుంది. దంచితే అదే గిన్నెలో ఇంకా పడుతుంది. ఐదు మిల్లీలీటర్ల చెంచాతో తలకి సమంగా మెత్తటి ఉప్పు తీస్తే ఆరు గ్రాములు. రాళ్ళుప్పు అంత రాదు. పాతకాలపు వాళ్ళు "చారెడు ఉప్పు" అంటే రాళ్ళుప్పు చారెడు. ప్యాకెట్టు ఉప్పు చారెడు పోశారో, నోట పెట్టలేరు. కాటా మీద మాత్రం పావుకిలో ఏ ఉప్పయినా పావుకిలోనే.

6. తడిసినదాన్ని తూచకండి

అరిసెలకి కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. ఈ బియ్యం పొడి బియ్యం. రాత్రంతా నానబెట్టి వడకట్టాక అదే కిలో కిలో పావుకి పోతుంది. ఒకసారి మాకు ఆలస్యమై, పిండి మరపట్టించి తెచ్చిన వాళ్ళని "ఎంత?" అని అడిగితే "ఐదు కిలోలండీ" అన్నారు. మూడు కిలోల ముప్పావు బెల్లం పాకం పట్టాం. ఆ ఐదు కిలోలు తడిపిండి బరువు. అసలు బియ్యం నాలుగు కిలోలే, బెల్లం మూడు కిలోలు చాలు. నూనెలో వేసిన అరిసె వేసినట్టే విడిపోయి కరిగి పోయింది. పక్కింటి నుంచి పొడి బియ్యప్పిండి తెచ్చి కలిపి, ఎలాగో గట్టెక్కించాం. గట్టిగా వచ్చాయి. పెళ్ళివారు పళ్ళతో పోట్లాడుతూ తిన్నారు.

బియ్యమైనా మినప్పప్పయినా నానక ముందే తూచి రాసుకోండి. బెల్లం సంగతీ ఇంతే. అచ్చు బెల్లం, తురిమిన బెల్లం, నొక్కిన తురుము మూడూ గిన్నెలో మూడు రకాలు. కాటా మీద ఒకటే.

7. నూనె ప్యాకెట్టు చదవండి

లీటరు నూనె ప్యాకెట్టు వెనక చూస్తే 910 గ్రాములని ఉంటుంది. నూనె నీళ్ళ మీద తేలుతుంది కదా, నీళ్ళ కంటే తేలికైందే. లీటరు కిలో కాదు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కూడా. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములైతే, 60 డిగ్రీల దగ్గర 892 చిల్లర. వేడి నూనె లీటరు కొన్నవాడికి సరుకు తక్కువ వస్తుంది. అందుకే 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, ప్యాకెట్టు మీద ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణంతోపాటు బరువు కూడా సరిగ్గా వెయ్యాలని కంపెనీలకి చెప్పింది.

ఇంట్లో లీటరుకి ఇది పెద్ద తేడా కాదు. మాలాంటి వాళ్ళకి తేడానే. పదిహేను కిలోల డబ్బా వేరు, పదిహేను లీటర్ల డబ్బా వేరు. రెండోదాంట్లో 13.65 కిలోలే. ధర అడిగేటప్పుడు ఏదో ముందు అడగండి. నేను మూడేళ్ళు అడగలేదు.

8. నిమ్మకాయంత చింతపండు

ఏ నిమ్మకాయ? మా పెరటి నిమ్మకాయా, సంతలో కొన్న గోళీలంతవా? పైగా చింతపండులో గింజలు, ఈనెలు ఎన్నున్నాయో నిమ్మకాయకేం తెలుసు. ఇంట్లో చారుకి ఇది చాలు, పులుపు ఎక్కువైతే నీళ్ళు పొయ్యొచ్చు. పులిహోరకి మాత్రం తీసేసిన గింజలు పక్కన పెట్టి తూచండి. కిలో బియ్యానికి 150 గ్రాములు నా లెక్క.

9. కప్పు కథ

మనవరాలు చెప్పేదాకా నాకు కప్పంటే టీ కప్పే. అమెరికా వంటల్లో కప్పు 237 మిల్లీలీటర్లట, లెక్క తేలికకి 240 అంటారు. ఆస్ట్రేలియాలో 250. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180. జపాను వాళ్ళ 'గో' అనే పాత బియ్యం కొలత అది, మన గిద్ద సోలల్లాంటిది. వాళ్ళు పారెయ్యకుండా కుక్కర్లో పెట్టి లోకమంతా పంపారు. మనం మన సోలని పాత ఇత్తడి వాడికి అమ్మాం.

ఆ పిల్ల మొదట్లో కుక్కర్ కప్పుతో బియ్యం పోసి, 250 కప్పుతో నీళ్ళు పోసేది. ఒకటికి రెండు కాస్తా ఒకటికి రెండు ముప్పావు దాటింది. అన్నం జావ. "తాతయ్యా, ఇక్కడి బియ్యం మంచివి కావు" అంది. మళ్ళీ బియ్యం మీదే నింద!

ఆ దేశంలో ఇంకో తమాషా. మిగతా చోట్ల పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో 20. అమెరికా పుస్తకం చూసి అక్కడ కొన్న చెంచాతో వంటసోడా వేస్తే మూడోవంతు ఎక్కువ పడుతుంది.

మైదా దగ్గర చేతి తేడా కూడా ఉంది. జల్లించి, చెంచాతో కప్పులోకి మెల్లగా జార్చితే 120 గ్రాములు. అదే కప్పుని డబ్బాలో గుచ్చి తీస్తే 150 దాకా. పావువంతు ఎక్కువ. ఆ కేకు గోడకి వేసి కొట్టినా పగలదు. అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో వేసిన వంట పుస్తకంలో కప్పు అంచుకు సమంగా చదును చేసి కొలవమని పట్టుబట్టిందని మనవరాలు చదివి చెప్పింది. మా మామయ్య పుస్తకం రాయలేదు గానీ, గోపురం పెట్టి కొలిచిన వాడి చేతి మీద గరిటెతో ఒకటిచ్చేవాడు. ఇద్దరిదీ ఒకే బాధ.

10. కాటా అక్కర్లేనివి

ఇంత చెప్పానని ఉప్మాకి కూడా కాటా తెచ్చుకోకండి. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఏ గ్లాసయినా సరే, రెండూ ఒకే గ్లాసుతో, ఒకే చేత్తో. పాళ్ళు గిన్నెలో పుట్టిన చోట గిన్నెలోనే ఉంచండి. బరువులో పుట్టినదాన్ని బరువులోనే ఉంచండి. సగం అదీ సగం ఇదీ చేసినప్పుడే చెడుతుంది. రవ్వ కేసరికి గ్లాసు రవ్వకి గ్లాసున్నర పంచదార అన్న ఇల్లాలి మాటని కిలోకి కిలోన్నర అని మార్చారనుకోండి. రవ్వ తేలిక, పంచదార బరువు. నిజానికి కిలో రవ్వకి కిలో ముప్పావు పైనే పడాలి. "ఎందుకో తీపి తగ్గింది" అంటారు.

ఇంగువ, పసుపు, మెంతులు చిటికెడు చిటికెడే. వాటిని తూచే కాటా బంగారు కొట్లో ఉంటుంది.

పోపులో ఆవాలెన్ని అని నన్ను అడిగిన వాళ్ళున్నారు. నవ్వి ఊరుకున్నాను.

11. మీ గిన్నెకి పుట్టిన తేదీ రాయండి

పని సులువు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి, బటన్ నొక్కి సున్నా చెయ్యండి. అంచుదాకా నీళ్ళు పొయ్యండి. ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు, వంటకి ఆ లెక్క చాలు. నీళ్ళు పారబోసి, తుడిచి, ఆరాక బియ్యం పొయ్యండి, తూచండి. తర్వాత కందిపప్పు, రవ్వ, పంచదార, శనగపిండి, ఉప్పు, కారం. పది వస్తువులకి అరగంట పట్టదు. కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. పుస్తకాల్లో దొరికే పట్టికల కంటే అదే మీకు నమ్మకం, ఎందుకంటే అది మీ గిన్నె, మీ బియ్యం, మీ చెయ్యి.

మీ అమ్మగారో అత్తగారో ఇంకా ఉండి, పాత గిద్దతోనో స్టీలు గ్లాసుతోనో ఆవకాయ కలుపుతుంటే, ఈ ఏడు ఆవిడ పక్కన కాటా పెట్టుకుని కూర్చోండి. ఆవిడ్ని తూచమనకండి, చిరాకు పడుతుంది. ఆవిడ గిన్నె నింపి పళ్ళెంలో పోసినప్పుడల్లా మీరు ఆ పళ్ళెం తూచి రాసుకోండి. మెల్‌బోర్న్ పిల్లకి నేను పంపింది అలాంటి కాగితమే. దాంతోపాటు సోల కూడా పంపమని అడిగింది. అది మాత్రం ఇవ్వలేదు. దాని అడుగున 310 అని మేకుతో గీసి పెట్టాను, వచ్చినప్పుడు చూసుకుంటుంది.